పాత కాగితాల గది ముందు వరుస

ఆ సోమవారం ప్రభాకర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. పదకొండు గంటలకల్లా పదిహేను కుర్చీల్లో పదిహేను మందిని కూర్చోబెట్టాలి, అంతే. ఖమ్మంలో ఒక పాత భవనం పైఅంతస్తులో మూలగది ఉంది. ఊరి చరిత్రకు సంబంధించిన కాగితాలూ ఫొటోలూ అందులో దాచి ఉంచారు. ఆ గదిని కనిపెట్టుకుని ఉండే మిత్రమండలికి అతను కార్యదర్శి. అక్కడికి ఎవరూ రావడం లేదు కాబట్టి ఖాళీ చేయిస్తానని భవనాలు చూసే అధికారి అంటున్నాడు. ఆఖరుసారి తన కళ్లతో చూడటానికి ఈ రోజు వస్తున్నాడు.

మండలిలో ముప్పై ఒక్క మంది సభ్యులున్నారు. ప్రభాకర్ పంపిన వాట్సాప్ సందేశానికి ఇరవై ఆరు బొటనవేళ్లు వచ్చాయి. మనుషుల్లో మాత్రం, కింద జిరాక్స్ షాపు నడిపే వనజ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. ఎవరైనా రావాలని ఇంతగా కోరుకునే తను, వచ్చినవాళ్లతో ఏం మాట్లాడాలో ఎన్నడూ ఆలోచించలేదని ప్రభాకర్‌కు ఖాళీ కుర్చీల మధ్య తోచింది.

తొమ్మిదిన్నరకు ఏన్కూరు అవతలి అడవి పల్లె నుంచి భీమక్క మరో ముగ్గురు ఆడవాళ్లతో వచ్చింది. పాత కాగితాలు తెస్తే నమోదు చేసుకుని రసీదు ఇస్తామని ప్రభాకర్ బస్టాండులో అంటించిన ప్రకటనను ఎవరో చదివి చెప్పారట. ఆమె ప్లాస్టిక్ కవరు మడతలు విప్పి, పచ్చబడ్డ చీటీ ఒకటి తీసింది. ముప్పై ఐదేళ్ల కిందట అడవి కొట్టి పోడు సాగు చేసినందుకు ఆమె భర్త బొజ్జయ్యకు వేసిన జరిమానా రసీదు అది.

ప్రభాకర్ దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. ఇలాంటి కాగితాల కోసమే కదా ఈ గది. ఏ కాగితం వచ్చినా దాని వెనక సంగతంతా రాసుకోవడం అతని పద్ధతి. రిజిస్టరు తెరిచి పేరు, ఊరు, ఏ ఏటి కాగితం, చేను ఎక్కడ, హద్దులేమిటి, అప్పటి నుంచి ఎవరు దున్నుతున్నారు అని వరసగా అడిగి రాసుకున్నాడు. కాగితాన్ని తన దగ్గరే ఉంచుకుని, గుండ్రటి ముద్ర వేసి, నంబరు రాసి రసీదు ఇచ్చాడు. భీమక్క దాన్ని కళ్లకద్దుకుని, బయటికి వెళ్లి ఫోన్లు చేసింది.

పదింటికల్లా మెట్ల మీద చెప్పుల వరుస తయారైంది. మనుషులు నీడకు పోయి కూర్చుంటే వాళ్ల బదులు చెప్పులు నిలబడ్డాయి. కారేపల్లి వైపు తండా నుంచి రెండు ఆటోల జనంతో దిగిన కిషన్‌లాల్, వరుసను నడిపే పని తనంతట తానే మీద వేసుకున్నాడు. ప్రభాకర్‌కు సంతోషంగా ఉంది. ఆ సంతోషంలో ఎక్కడో ఏదో గుచ్చుకుంటోంది. అదేమిటో నలభయ్యో నంబరు దగ్గర తెలిసింది.

"సర్వే ఎప్పుడు పెడ్తరు సార్?" అన్నాడు కిషన్‌లాల్.

"ఏం సర్వే?"

"పోడు భూములదే. పట్టాలకే కదా రాసుకుంటున్నరు? అప్పట్ల ఏసిన జరిమానానే ఇప్పుడు మాకు సాక్ష్యం. అప్పటి సంది మేమే దున్నుతున్నమని గీ రసీదే చెప్తది."

ప్రభాకర్ తను అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. అన్నీ భూమి సర్వేలో అడిగే ప్రశ్నలే. ఇక్కడ పట్టాలివ్వరని చెప్పాడు. మరెక్కడిస్తారని అడిగారు. తాము ప్రభుత్వం కాదన్నాడు. ఏ ఆఫీసులోనైనా ముందు అలాగే అంటారని కిషన్‌లాల్ వరుసకు ధైర్యం చెప్పాడు. ఏమీ తోచక భీమక్క కాగితం ఆమెకు తిరిగి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"వాపస్ పంపుతున్నవా సార్? ఏం తప్పున్నదో రాసియ్యి."

వనజ అడ్డొచ్చింది. "నకలు మేం పెట్టుకుంటం భీమక్కా. అసలు నీ దగ్గర్నే ఉండాలె. రేపు సర్వేకొచ్చినోళ్లు గదే అడుగుతరు."

అప్పటి నుంచి వనజ కాగితాలు కిందికి తీసుకుపోయి నకళ్లు తీసి, ఎవరి అసలు వాళ్లకే ఇచ్చేసింది. అసలు కాగితం తిరిగిచ్చే ఆఫీసును ఎన్నడూ చూడలేదని, ఇది మరీ పెద్ద ఆఫీసై ఉంటుందని వరుసలో మాట పాకింది. ఆటోలు ఇంకో రెండు వచ్చాయి.

పదకొండింటికి వచ్చిన అధికారిని కిషన్‌లాల్ మెట్ల దగ్గరే ఆపాడు. తనెవరో ఆయన రెండుసార్లు చెప్పుకున్నాడు. ఎవరైనా సరే వరుసలో రావాల్సిందేనని కిషన్‌లాల్ మర్యాదగానే చెప్పి, ఆయన చెప్పులను వరుస చివర పెట్టించాడు. గంటన్నర తర్వాత అధికారి ఒట్టి కాళ్లతో బల్ల ముందుకు చేరాడు. ప్రభాకర్ తలెత్తకుండానే పేరు, ఊరు, హద్దులు అడిగాడు.

"అడగాల్సింది నేను" అన్నాడు అధికారి. "ఈ గది మీకిచ్చినట్టు ఆర్డర్ చూపించండి."

ప్రభాకర్, వనజ నాలుగు బీరువాలు గాలించారు. డెబ్బై ఏళ్లనాటి పెళ్లి పిలుపులు దొరికాయి. మూతబడ్డ మిల్లు హాజరు పుస్తకాలు దొరికాయి. గది తాలూకు ఉత్తర్వు మాత్రం లేదు. పద్దెనిమిదేళ్ల కిందట ఎవరో పెద్దమనిషి వాడుకోండని నోటిమాటగా అన్నారు. ఊరందరి కాగితాలూ దాచినవాళ్లు తమ కాగితం ఉందో లేదో ఎన్నడూ చూసుకోలేదు.

అనుమతి లేకుండా పద్దెనిమిదేళ్లుగా గదిని ఆక్రమించుకున్నందుకు అధికారి అక్కడికక్కడే జరిమానా రాశాడు. ఏ ఏటి నుంచో కూడా విడమరిచి వేసి, ముద్ర కొట్టి, చీటీ చింపి బల్ల మీద పెట్టాడు. చెప్పులు వెతుక్కోవడానికి మెట్ల వైపు నడిచాడు.

ప్రభాకర్ కుర్చీలో కూలబడ్డాడు. గది పోయింది. పీడ వదిలిందన్న తేలిక తనలో ఏమైనా ఉందా అని వెతుక్కున్నాడు. లేదు.

కిషన్‌లాల్ చీటీ అందుకుని వరుసకు వినిపించేలా చదివాడు. ఒక్కొక్కరి ముఖం విప్పారింది.

"మీరు ఆఫీసోళ్లు కాదన్నది నిజమే సార్. ఆఫీసోళ్లకు జరిమానా పడదు" అన్నాడు. "ఇంకేం ఫికర్ లేదు. పద్దెనిమిదేండ్ల సంది ఈడ మీరే ఉన్నరని వాళ్లే రాసిచ్చిన్రు. ఇగ మిమ్ముల లేపుడు ఎవని తరం గాదు."

భీమక్క ఆ చీటీని కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. ముద్ర సరిగ్గా పడలేదని, ఆయన మెట్లు దిగేలోపే పోయి ఇంకోసారి వేయించుకురమ్మని ప్రభాకర్‌ను తొందరపెట్టింది.