కుదురు మీద పడవ

“పడవ తిరగబడితే మీరు ముందు ఎవర్ని బయటికి తీస్తారు?” అని అడిగింది జహరాబీ.

అప్పటికి పడవ ఇంకా ఇంటికి రాలేదు. మార్కాపురంలో వాళ్ళ వీధికి ఐదు రోజులుగా మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకరు కూడా రాలేదు. ఆదివారం పొద్దున్నే ఆమె భర్త అబ్దుల్ రెహమాన్ చాయ్‌లో రస్కు ముంచుకుని తింటున్నాడు. ఆ మాటకు చెయ్యి ఆగింది. ముంచిన రస్కు సగానికి విరిగి అడుగుకు పోయింది. జహరాబీ దాన్ని కూడా చూసింది.

“నయీమ్‌కు పదహారేండ్లు. ఏదో ఒకటి పట్టుకుని తేలతాడనుకుందాం. షిఫాకు ఎనిమిదేండ్లే. నేనొకదాన్ని. అందరం ఒక్కసారే నీళ్ళలో పడితే మీ చెయ్యి ఎవరి దిక్కు పోతాది? చెప్పండి.”

రెహమాన్ చెంచాతో రస్కు ముక్కను వెతికి తీసుకుని తిన్నాడు.

అతనిది సత్తు గిన్నెల దుకాణం. ఇరవై రెండేళ్ళుగా గాలి ఆడని ఆ దుకాణంలో, బోర్లించిన బిందెల మధ్య కూర్చుని ఉన్నాడు. బడికి సెలవులిచ్చినా మనం ఎక్కడికీ పోమని షిఫా ఒకరోజు ఏడ్చింది. కంభం చెరువులో సొంత పడవ మీద తిప్పుతానని అతను మాట ఇచ్చేశాడు. పొదిలిలో వేలం సామాన్లు అమ్మే కరుణాకరం దగ్గర రెండు మోటారు పడవలున్నాయని తర్వాత తెలిసింది. సముద్రం ఒడ్డున మూతపడిన ఏదో రిసార్టువట. రెండూ అల్యూమినియంవట, అంటే సత్తు రేకువే. ఆ మాట విన్నాక రెహమాన్‌కు ధైర్యం వచ్చింది. అతనికి సముద్రం గురించి తెలియదు గానీ, సత్తు గురించి అతనికి చెప్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

తొమ్మిదింటికి కరుణాకరం ట్రాక్టరు మీద రెండు పడవలూ తెచ్చి వీధిలో దించాడు. ఒకటి రంగులేని చిన్నది, రెండోది నీలం రంగు పెద్దది.

“సాయంత్రం వస్తా రెహమాన్ భాయ్. ఏది నచ్చితే అది ఉంచుకోండి, ఇంకోటి నేను ఎక్కించుకుపోతా. బాగా చూసుకోండి, మళ్ళా నన్ను అనొద్దు,” అని వెళ్ళిపోయాడు.

పడవల అడుగులు చదునుగా లేవు. నిలువునా మడిచిన దొన్నెల్లా లోతుగా, కొసదేరి ఉన్నాయి. అట్లాంటి అడుగే అలల్ని కోసుకుంటూ పోతుందని నయీమ్ ఫోన్‌లో చూసి చెప్పాడు. కానీ వీధిలో అలలు లేకపోవడంతో రెండు పడవలూ చెరో పక్కకు ఒరిగిపోయాయి.

“నేల మీదనే నిలబడలేకపోతాండాయి. ఇవి నీళ్ళ మీద నిలబడతాయా?” అంది జహరాబీ గుమ్మంలోంచి.

“అడుగు గుండ్రంగా ఉండే కుండ నిలబడతాదా? కుదురు పెట్టాల,” అన్నాడు రెహమాన్. పంక్చరు షాపు నుంచి పాత లారీ టైర్లు తెప్పించి రెండు పడవల కిందా కుదుళ్ళుగా పేర్చాడు. పడవలు బుద్ధిగా నిలబడ్డాయి. అతను రెండింటినీ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. రేకు మందం, అతుకులు, రివెట్లు చూశాడు. ఏది మంచిదో తేలలేదు.

“నీళ్ళు పోసి చూద్దాం,” అన్నాడు చివరికి.

“అబ్బా, పడవను నీళ్ళలో పెట్టి చూడాల. నీళ్ళు పడవలో పోసి కాదు,” అన్నాడు నయీమ్ తండ్రితో.

“బిందె కొనేవాళ్ళు ఏం చేస్తార్రా? నీళ్ళు పోసి, ఎత్తి, అడుగు చూస్తారు. నీళ్ళు లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా బొక్క ఒకటే గదా?”

ఈ పడవల వ్యవహారం మొత్తంలో జహరాబీకి నచ్చిన ఆలోచన ఇదొక్కటే. చెరువు దాకా పోకుండా వాకిట్లోనే సంగతి తేలిపోతుంది. అయినా ఆమె జాగ్రత్త ఆమెది. పల్లెల్లో బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు ఖాళీ డబ్బాలు కట్టడం చూసింది కాబట్టి, రెండు ఖాళీ నూనె డబ్బాలు తెచ్చి షిఫా నడుముకు చున్నీతో కట్టింది.

“అమ్మీ, మనం రోడ్డు మీదుండాం,” అంది షిఫా.

“యాడుంటే ఏంది? నీళ్ళు నీళ్ళే,” అంది జహరాబీ.

రెహమాన్ ఫోన్ చేస్తే పదింటికి శివకృష్ణ తన ప్రైవేటు ట్యాంకరుతో వచ్చాడు. పైపు ముందు చిన్న పడవలో పెట్టారు. అడుగు తడిసిందో లేదో, వెనకవైపు కింద ఉన్న గుండ్రటి రంధ్రంలోంచి ధార బయటికి దూకింది.

“ఓటిది!” అన్నాడు రెహమాన్. ఆ గొంతులో విజయం ఉంది. “చూసినావా నయీమ్? ఇదే చెరువులో అయ్యుంటే?”

ఇదే చెరువులో అయ్యుంటే అన్న మాటకు జహరాబీ గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది.

అయితే ఎదురింటి మస్తానమ్మ కళ్ళ ముందు ఐదు రోజుల తర్వాత నీళ్ళు నేలపాలవుతున్నాయి. ఆమె పరుగున పోయి బిందె తెచ్చి ధార కింద పెట్టింది. “పాపం తగుల్తాదన్నా, ఇట్ల పారబోస్తే!” అంది. ఆమె రెండో బిందెకు పాపమ్మ వచ్చింది. పాపమ్మ వెనక రోశమ్మ తన బిందెలన్నీ వరసలో పెట్టింది. అవన్నీ రెహమాన్ దుకాణంలో కొన్న బిందెలే. కాసేపట్లో వరస వీధి మలుపు దాటింది. మలుపు అవతలివాళ్ళకు పడవ కనబడదు, బిందెలే కనబడతాయి. మున్సిపాలిటీ కొత్త తొట్లు పెట్టించిందనీ, ఇకనుంచి రోజూ నింపుతారనీ అక్కడ చెప్పుకున్నారు. దాంతో పక్క వీధి కూడా వచ్చింది.

“ఇవి పడవలమ్మా!” అని రెహమాన్ అరిచాడు.

“ఏవైతే ఏందన్నా, నీళ్ళు వస్తాండాయి గదా!” అంది రోశమ్మ.

ఈలోగా శివకృష్ణ పైపును పెద్ద పడవకు మార్చాడు. దాని వెనక రంధ్రానికి నల్లటి బిరడా బిగించి ఉంది. చుక్క కూడా కారలేదు. నీళ్ళు అంచుకు జానెడు కిందిదాకా వచ్చి నిలిచాయి. రెహమాన్ ముఖం వెలిగింది.

“అబ్బా, ఎక్కుదాం!” అంది షిఫా. “ఎక్కిస్తానని మాటిచ్చినావు.”

“వద్దు,” అంది జహరాబీ.

“వాకిట్లో జహరా. కుదురు మీద ఉండాది,” అని రెహమాన్ కూతుర్ని ఎత్తి పడవలోకి దించాడు. తానూ ఎక్కి బల్ల మీద పక్కనే కూర్చున్నాడు. నీళ్ళు మోకాళ్ళ పైదాకా ఉన్నాయి. షిఫా నవ్వింది. ఆ సెలవుల్లో ఆ పిల్ల అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. జహరాబీకి కూడా ఒక్క క్షణం భయం మరుపుకొచ్చింది.

సరిగ్గా అప్పుడే చిన్న పడవ ఖాళీ అయింది. వరస అంతా పెద్ద పడవ మీదికి మళ్ళింది. దీనికి ధార లేదు కాబట్టి అందరూ ఒకే పక్కన అంచు మీదికి వంగి బిందెలు ముంచారు. కుదురులో ఒక టైరు పక్కకు జారింది. పడవ ఒరిగింది. షిఫా బల్ల మీంచి జారి నీళ్ళలో పడింది. నడుముకున్న డబ్బాలు అంతకుముందే మోకాళ్ళ దాకా జారి ఉన్నాయి. అవి పైకి తేలి కాళ్ళను పైకెత్తాయి. తల కిందికి పోయింది.

జహరాబీ నయీమ్ పుట్టినప్పటి నుంచి భయపడుతున్న క్షణం ఆమె వాకిట్లోనే వచ్చింది. రెహమాన్ పక్కనే ఉన్నాడు. రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, అట్లాగే బిగుసుకుపోయాడు.

ఆమె చెప్పులు కూడా విప్పలేదు. రోశమ్మ బోర్లించిన బిందె మీద కాలు పెట్టి పడవలోకి దూకింది, షిఫాను గౌను పట్టి పైకి లాగింది. పిల్ల దగ్గింది, ఏడ్చింది, బతికింది. తల్లి బరువు కూడా తోడయ్యేసరికి పడవ పూర్తిగా పక్కకు పడింది. నీళ్ళు, ముగ్గురు మనుషులు, రెండు నూనె డబ్బాలు ఒక్కసారే వీధిలోకి వచ్చి పడ్డాయి. మస్తానమ్మ ఇంట్లోకి నీళ్ళు పోయాయి. పాపమ్మ బిందెలు తేలుకుంటూ మలుపు దాకా వెళ్ళాయి. మార్కాపురంలో ఆ వీధి వరద చూడడం అదే మొదటిసారి.

సాయంత్రం కరుణాకరం వచ్చేసరికి వీధి ఆరలేదు. నయీమ్ జరిగింది చెప్పాడు. కరుణాకరం చిన్న పడవలోకి వంగి, సీటు కింద అతికించిన కవరులోంచి నల్లటి బిరడా తీసి చూపించాడు.

“ఇది బిగించకుండా నీళ్ళు పోస్తే పోవా? వాన నీళ్ళు పోయేదానికి పెట్టిన తూము అది. రెండూ మంచివే భాయ్. ఏదీ ఓటిది కాదు.”

అంటే పొద్దుటి నుంచి చేసిన పరీక్షలో తేలిందేమీ లేదు. రెహమాన్ పొడి లుంగీ కట్టుకుని మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. జహరాబీ షిఫా జుట్టు ఆరబెడుతోంది. పొద్దున అడిగిన మాట ఆమె మళ్ళీ అడగలేదు. ఆ డబ్బాలు కట్టింది తన చేతులే కదా.

“ఏది ఉంచుకుంటారు భాయ్?” అన్నాడు కరుణాకరం.

కరుణాకరం పోయి ట్రాక్టరు ఇంజను ఆపేశాడు. మస్తానమ్మ ఇంట్లోంచి చీపురుతో నీళ్ళు నెట్టి, అయిపోయాక వచ్చి వాకిట్లో నిలబడింది. మసీదులో నమాజు పిలుపు మొదలై, ముగిసింది. అందరూ రెహమాన్ వైపే చూస్తున్నారు. అతను మాత్రం కరుణాకరాన్ని గానీ పడవల్ని గానీ చూడకుండా జహరాబీ వైపు తిరిగాడు.

“ఎవర్నీ తీయలేను జహరా. నాకు ఈత రాదు,” అన్నాడు.

తర్వాత కరుణాకరంతో, “పెద్దది ఉండనీ. దాంట్లో నీళ్ళు ఎక్కువ నిలుస్తాయి. ముందు దాంట్లోనే ఈత నేర్చుకుంటా,” అన్నాడు.