పన్నీరుబుడ్డి ఆఖరి భాగం

ఆ ఆదివారం తుకారాం పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికి టీవీ ముందు కూర్చుని "పన్నీరుబుడ్డి" ఆఖరి భాగం చూడటం, చూస్తూ వంకలు పెట్టడం. వందేళ్ల నాటి జమీందారీ నవలను సీరియల్‌గా తీశారు. అందులో చిన్నరాణి కనుబొమలు నిన్ననే పార్లర్‌లో తీర్చినట్టుంటాయి, తలుపు వేస్తే కోటగోడ ఊగుతుంది. అయినా చిలకలగూడలోని ఆ నాలుగు వాటాల ఇంట్లో అందరూ తుకారాం హాల్లోనే చేరేవారు. నవల చదివిన మనిషి ఆయనొక్కడే మరి.

నిజానికి ఆయన అట్ట కూడా చూడలేదు. మొదటి వారం ఏదో ఊపులో "అసల్ నవల్ల గిట్ల లేదు" అనేశాడు. పైవాటా నాగజ్యోతి "మీరు చదివారా బాబాయిగారూ?" అంది. "మూడు సార్లు" అన్నాడు. ఆ పుస్తకం ఇప్పుడెక్కడా దొరకదని ఆయన ధీమా. భార్య శ్యామలమ్మ ఏదైనా అనబోతే, "నీకు సాహిత్యం ఏమెర్క? జెర చాయ్ వెట్టు" అనేవాడు. పాపం, ఇరవై వారాలుగా ఆవిడ పదిహేను మందికి చాయ్ పెడుతూనే ఉంది.

ఈ పాండిత్యం గ్రంథాలయం దాకా పాకింది. కార్యదర్శి ఓంప్రకాశ్ పొద్దున్నే ఫోన్ చేశాడు. "సాయంత్రం గ్రంథాలయం మీటింగ్‌ల మిమ్మల్ని అధ్యక్షుణ్ని చేస్తున్నం సార్. శాలువా సుత తెచ్చిన." ముప్పై ఏళ్ల గుమాస్తాగిరీలో తుకారాంను కుర్చీ చూపించి కూర్చోమన్నవాడు లేడు. ఆ కుర్చీ కోసం ఆయన ప్రాణం కొట్టుకుంది.

తొమ్మిదీ పదికి, సంకెళ్లతో ఉన్న దివాను ముందుకు చిన్నరాణి వచ్చి నిలబడగానే కరెంటు పోయింది. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిందట. సీరియల్ మళ్లీ వేసేది నాలుగింటికే.

"అప్పటిదాకా ఎవరాగుతారండీ?" అంది నాగజ్యోతి. "బాబాయిగారు ఉన్నారుగా. ఆఖర్న ఏమవుతుందో మీరే చెప్పేయండి."

తుకారాం కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. చదివిన చదువు అక్కరకు రాలేదు, చూసిన సినిమాలే ఆదుకున్నాయి. "రాణి సంకెళ్లు తీపిస్తది. ఇద్దరు తెల్లగుర్రం ఎక్కి పోతరు" అన్నాడు. వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది.

నాలుగింటికల్లా కరెంటు వచ్చింది, టీవీలో తెల్లగుర్రమూ రానే వచ్చింది. హాలంతా చప్పట్లు. తుకారాం పెద్దమనసు చేసుకున్నాడు. "ఈ ఒక్క ముచ్చట నవల్ల ఉన్నట్టే తీసిండ్రు."

ఆరింటికి గ్రంథాలయంలో, వాటాలవాళ్లందరి ముందూ శాలువా పడింది, కుర్చీ దక్కింది. ఓంప్రకాశ్ చేతులు కట్టుకుని, "సార్, ఆఖరి పేజీ చదివి మీటింగ్ షురూ చేయుండ్రి" అన్నాడు.

"పుస్తకం యాడున్నది?" అన్నాడు తుకారాం నవ్వుతూ.

"మీ ఇంట్లనే సార్. ఆర్నెల్ల సంది అమ్మ పేరు మీదున్నది. మీకోసమే తీస్కపోయిందనుకున్న."

శ్యామలమ్మ సంచిలోంచి పుస్తకం తీసింది. తుకారాం జేబులు తడుముకుని, అద్దాలు తేలేదన్నాడు.

"నేను చదువుత తియ్యిండ్రి" అని ఆవిడ నిదానంగా చదివింది. నవల్లో చిన్నరాణి తన చేత్తోనే దివాను మీద పన్నీరు చల్లి, ఉరికి సాగనంపింది. గుర్రం ఊసే లేదు.

నాగజ్యోతి అమాయకంగా లేచింది. "మరి నవల్లో ఉన్నట్టే తీశారన్నారు కదండీ?"

ఓంప్రకాశ్ ఆయన భుజాల మీది శాలువాను ముడత పడకుండా తీసి శ్యామలమ్మకు కప్పాడు. కుర్చీ ఖాళీ చేయమని ఎవరూ అనలేదు గానీ, తుకారాం సిగ్గుతో తానే లేచాడు.

"ముందే చెప్తే నీ సొమ్మేం పోయె?" అన్నాడు ఇంటికొస్తూ.

"చెప్పబోతే చాయ్ వెట్టుమంటిరి."

తర్వాతి ఆదివారం ఇంకో పాత నవల సీరియల్ మొదలైంది. అధ్యక్షురాలు శ్యామలమ్మ హాల్లో కథ చెబుతోంది. తుకారాం వంటింట్లోంచి ట్రే పట్టుకొచ్చాడు. నాగజ్యోతి ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, "అసలు టీ ఇలా ఉండదు బాబాయిగారూ" అంది.