వెండెల్ కౌబాయ్ వేషం

ఒక్క రోజు ఆవుల మొహం చూడకుండా గడపాలన్నది ఆ శనివారం పొద్దున వెండెల్ వేసుకున్న పథకం. వయోమింగ్‌లో ఊహ తెలిసినప్పటి నుంచీ పశువులు కాస్తున్న మనిషికి అదేమీ గొంతెమ్మ కోరిక కాదు. పక్క లోయలో పాతకాలపు కౌబాయ్ తుపాకుల పోటీ ఉందనీ, కొత్తవాళ్లకు తుపాకులు కూడా వాళ్లే ఇస్తారనీ విని, కాఫీ సగంలో వదిలేసి లేచాడు. మంచి బండి భార్య మావిస్ తీసుకెళ్లింది. మిగిలింది మందకు గడ్డి మోసే ట్రక్కు. అందులోనే బయల్దేరాడు.

మైదానంలో అందరూ ముత్తాతల నాటి దుస్తుల్లో ఉన్నారు. అక్కడ అసలు పేర్లు పలకరు, ఎవరికి వారు తగిలించుకున్న బిరుదులే. పోటీ నడిపించే ఆయన రక్తాల రూఫస్. ఊళ్లో పళ్ల డాక్టరు. ఆయన వెండెల్ పెట్టుకున్న పసుపు బేస్‌బాల్ టోపీనీ, పరుగు బూట్లనూ ఎగాదిగా చూసి జాలిపడ్డాడు.

"ఇలా కుదరదు పెద్దాయనా. కౌబాయ్‌లా కనబడాలి. ఎప్పుడైనా ఆవుల్ని దగ్గర్నుంచి చూశారా?"

"ఏదో కొంచెం," అన్నాడు వెండెల్. ఆ రోజు వాటి ఊసెత్తడం అతనికి ఇష్టం లేదు.

అందరూ మంచివాళ్లు. ఆ మంచితనమే కొంప ముంచింది. ఒకరిచ్చిన టోపీ కళ్ల మీదికి దిగింది. ఇంకొకరి బూట్లలో వేళ్లు ముడుచుకోవలసి వచ్చింది. గుర్రాన్ని అదిలించడానికి మడమలకు కట్టే ఇనుప చక్రాలు అడుగడుక్కీ గలగలలాడాయి. తుపాకి జారవిడిస్తే ఇంటికి పంపేస్తామన్నారు. దాన్ని బిగించి పట్టుకుని, వెండెల్ ఇనుప గురి వైపు తిరిగాడో లేదో, రూఫస్ ఆపమని చెయ్యెత్తాడు.

గుట్ట మీంచి వెండెల్ మంద దిగుతోంది. ఆ ట్రక్కు చప్పుడు వింటే వాటికి మేత వచ్చినట్టే. పొద్దున తొందరలో వెండెల్ తన పొలం గేటుకు గొలుసు వేయలేదు. రూఫస్ పద్ధతి ప్రకారం తుపాకులన్నీ ఖాళీ చేయించి ఒక బల్ల మీద పెట్టించాడు. తర్వాత తను ఇంకో బల్ల ఎక్కాడు.

వెండెల్ అలవాటుగా అదిలిస్తూ ఎదురెళ్లాడు. ఆ టోపీ చూసి, ఆ గలగల విని ఆవులు హడలిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అవి కౌబాయ్‌ని చూడలేదు. చెల్లాచెదురై గుడారాలు కూల్చాయి, చిక్కుడుగింజల కుండ దొర్లించాయి.

"దగ్గరికెళ్లకండి, పొడుస్తాయి," అని బల్ల మీంచి రూఫస్ హెచ్చరించాడు. "ఎవరైనా ఆవుల సంగతి తెలిసినవాణ్ణి పిలవండయ్యా."

వెండెల్‌కి ఒళ్లు మండింది. అరువు సరంజామా అంతా అక్కడే విప్పి పారేశాడు. తన టోపీ, తన బూట్లు తొడుక్కుని, ట్రక్కెక్కి హారన్ కొట్టాడు. మంద బుద్ధిగా వరసకట్టి వెనక నడిచింది.

మందను పొలం చేర్చి, గేటుకు గొలుసు వేసి తిరిగి చూస్తే క్లబ్బు క్లబ్బంతా వెనకే నిలబడి ఉంది. రూఫస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మేమిన్నాళ్లూ వేషాలే వేశాం. ఈ విద్య మాకు నేర్పండి."

కాదనడానికి వెండెల్ నోరు తెరిచాడు. అప్పుడే ఇంటికొచ్చిన మావిస్ అతనికి ఆ అవకాశం ఇవ్వలేదు.

"దానికేం, శనివారం శనివారం రండి," అంది. "ఆ రోజు ఈయనకి వేరే పనేం ఉండదు."

అప్పటి నుంచి ప్రతి శనివారం క్లబ్బంతా వెండెల్ పొలంలోనే ఉంటోంది. అతను ఇంతవరకూ ఒక్క తూటా పేల్చలేదు గానీ, ఆవులు మాత్రం కౌబాయ్‌లకు బాగా అలవాటు పడ్డాయి.