పైనే తెగింది

ఆ ఆదివారం పొద్దున చంద్రశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నేహితులిద్దరితో కలిసి వంకలో పడవ నడపాలి, మధ్యాహ్నానికి పెనుకొండలో ఇల్లు చేరి ఏమీ ఎరగనట్టు అన్నం తినాలి. హిందూపురం డేవిడ్ బెంగళూరులో ఎవరినో బతిమాలి మూడు కయాక్‌లు తెచ్చాడు. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి ప్లాస్టిక్ పడవలవి. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే మల్లికార్జున, అంగడిని తమ్ముడికి అప్పగించి ముందురోజే దిగాడు. వానలు బాగా పడి చెరువులన్నీ నిండి పారిన ఏడాది అది. చలికాలంలో వంకలు ఇంత నిండుగా పారడం ఆ ముగ్గురూ ఎప్పుడూ చూడలేదు.

బయలుదేరబోతుండగా మామ వెంకటేశ్వర్లు ఫోను చేశాడు. మరువపల్లిలో ఆయనకు మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి.

"అల్లుడూ, పురుగు పండింది. అంతా ఒక్కసారిగా పండింది. కూలోళ్లు దొరకలేదు. నువ్వూ చందనా వస్తే పనయితాదప్పా."

పండిన పురుగు ఎవరికోసమూ ఆగదు. ఆ పూటే ఏరి, చంద్రికలనే వెదురు తట్టల్లో వేస్తేనే గూడు కడుతుంది. నెల కష్టమంతా ఆ ఒక్కరోజు పనిమీద ఆధారపడి ఉంటుంది. ఇది చంద్రశేఖర్‌కు బాగా తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఆఫీసులో ఆడిట్ ఉండాది మామా. ఈపొద్దు వచ్చేకి కాదు."

"ఆదివారం గూడానా?"

"ఆడిటోళ్లకు ఆదివారం యాడిది మామా."

"పాపం," అన్నాడు మామ, నిజంగానే జాలిపడుతూ. ఆ జాలి చంద్రశేఖర్‌కు చెవిలో చీమ దూరినట్టయింది. భార్య చందన ఒక్కతే పుట్టింటికి బస్సెక్కింది. ఎక్కేముందు, ఆడిట్‌లో ఆకలేస్తుందని డబ్బా నిండా చిత్రాన్నం కట్టి ఇచ్చింది.

ఆ చిత్రాన్నం ముగ్గురూ వంక ఒడ్డున తిన్నారు. ఈ వంక మరువపల్లి పక్కనుంచే పోతుందని డేవిడ్ అప్పుడు చెప్పాడు. చంద్రశేఖర్ చేతిలోని ముద్దను మళ్లీ డబ్బాలో పెట్టేశాడు.

"ఊరు రాకముందే కల్వర్టు కాడ దిగిపోదాంలేప్పా," అన్నాడు డేవిడ్.

పడవ ఎక్కుతుండగా మల్లికార్జున పొట్టమీద లైఫ్ జాకెట్ బెల్టు పుటుక్కుమని తెగింది. అంగట్లో రోజంతా కూర్చునే పొట్ట అది, బెల్టును తప్పుపట్టలేం. జాకెట్‌ను ఒక చేత్తో, తెడ్డును ఒక చేత్తో పట్టుకుని బయలుదేరాడు. కాసేపు ముగ్గురికీ స్వర్గమే. కొంగలు లేస్తున్నాయి, ఎండ వెచ్చగా ఉంది, నీళ్లు వాటంతటవే తోసుకుపోతున్నాయి. కల్వర్టు వచ్చాక తెలిసింది, దిగడానికి పడవ ఒక్కటే చాలదు, ఒడ్డు కూడా ఉండాలని. రెండువైపులా ముళ్లకంప నీళ్లమీదికి వాలి ఉంది. చెయ్యి చాచిన డేవిడ్ ముళ్లు గుచ్చుకుని వెనక్కి లాక్కున్నాడు. వంక వాళ్లను మరువపల్లి దాకా మోసుకుపోయింది.

ఊరి రేవులో రామాంజినేయులు గేదెలు కడుగుతున్నాడు. మరువపల్లి వాళ్లు పడవలను చూసింది ఒక్కసారే. ఎగువ చెరువు కట్ట తెగిన ఏడాది, నారింజరంగు జాకెట్ల మనుషులు వాటిలో వచ్చి మిద్దెలమీద చిక్కుకున్నవాళ్లను దించారు. అప్పటినుంచి ఆ ఊరికి పడవంటే ఒకటే అర్థం.

"తెగిందాప్పా?" అని కేకేశాడు రామాంజినేయులు.

ముందున్న మల్లికార్జున, వేలాడుతున్న తన బెల్టును అతను చూశాడనుకున్నాడు.

"తెగిందన్నా. పైనే తెగింది. ఇంగ ఎంతోసేపు నిలబడేట్టు లేదు."

రామాంజినేయులు గేదెలను నీళ్లలోనే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు. మొదటి వీధిలో తెగింది ఒక చెరువే. టీ అంగడి దగ్గర రెండయ్యాయి. గుడి మైకులోకి వచ్చేసరికి చెరువుల ప్రసక్తే లేదు, "గుట్టెక్కండి, గుట్టెక్కండి" అన్నదొక్కటే వినిపించింది.

ముగ్గురూ రేవులో దిగేసరికి ఊరు ఖాళీ. చెరువు తెగిందని అరుచుకుంటూ జనం గుట్టమీదికి బారుగా ఎక్కుతున్నారు. ఆ బారులో అత్త ప్రమీలమ్మ తలమీద చంద్రిక, చందన చేతుల్లో చంద్రిక, మామ భుజాన ఇంకొకటి. చలిగాలి ఈడ్చి కొడుతోంది. గూడు మొదలుపెట్టిన పురుగుకు ఆ గాలి తగలకూడదు. చంద్రశేఖర్ దాక్కోవాలన్న ఆలోచన కూడా మరిచి, జాకెట్‌తోనే గుట్టెక్కాడు.

"మామా, దిగండి, గాలి..."

"చూడండప్పా," అన్నాడు మామ అందరికీ వినబడేలా. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆడిట్ ఇడిచిపెట్టి మనకోసం పడవేసుకోనొచ్చినాడు మా అల్లుడు."

రామాంజినేయులు తన తువ్వాలు తీసి చంద్రశేఖర్ మెడలో వేశాడు. జనం చుట్టూ మూగారు.

"అది కాదు మామా..."

"ఆయాసపడతాండావు, కూచో. మాట్లాడద్దు."

ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లిచ్చింది. ఇంకొకాయన భుజం తట్టి పేరూ ఉద్యోగమూ అడిగాడు. వాళ్లు పొగుడుతున్నంతసేపూ చంద్రికలు గాలిలోనే ఉన్నాయి, పురుగులు ఒక్కొక్కటే రాలుతున్నాయి. చంద్రశేఖర్‌కు ఇక భరించడం చేతకాలేదు.

"తెగింది చెరువు కాదు మామా. మల్లికార్జున బెల్టు."

అప్పుడే రొప్పుతూ గుట్టెక్కిన మల్లికార్జున, సాక్ష్యం అడిగారనుకుని బెల్టు ఎత్తి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. మామ ఆ బెల్టును చూశాడు, అల్లుడి జాకెట్‌ను చూశాడు.

"ఆడిట్ అయిపోయిందా అల్లుడూ?" అని మెల్లగా అడిగి, చంద్రిక భుజానికెత్తుకుని కిందికి దిగాడు.

పొద్దు గుంకేదాకా ముగ్గురు స్నేహితులూ షెడ్డులో వంచిన నడుము ఎత్తకుండా పురుగులు ఏరారు. బతికినవి బతికాయి. సగం పంట పోయింది. చీకటి పడ్డాక అత్త ముగ్గురికీ అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది అనిపించింది చంద్రశేఖర్‌కు. చందన ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది.

"డబ్బా యాడ?"

"వంకలో పోయింది."

తరువాతి పంటకు పురుగు పండినరోజు, మామ ఫోను చందనకు వచ్చింది. పక్కనే ఉన్న చంద్రశేఖర్‌కు ఆ గొంతు స్పష్టంగా వినబడింది. "నువ్వొక్కదానివే రామ్మా. డేవిడుకూ మల్లికార్జునకూ చెప్పినా, వస్తామన్యారు. అల్లుడిని ఇబ్బంది పెట్టొద్దు, ఆయప్పకు ఆడిట్ ఉంటాది."

చంద్రశేఖర్ చొక్కా తొడుక్కుని, భార్యకంటే ముందు బస్టాండుకు చేరాడు. ఆఫీసులో ఆ రోజు నిజంగానే ఆడిట్ ఉంది.