చెత్త కావలెను

ఒక పెద్ద అడవి అనగానే మీ కళ్లముందు చెట్లూ పుట్టలూ కదులుతాయి. ఈ అడవిలో అవి ఎప్పుడో తగ్గిపోయాయి. జంతువులు పెరిగిపోయి, బొరియ పక్కన బొరియ, గూటి మీద గూడు కట్టుకుని, అడవి కాస్తా పట్నమైపోయింది. వార్డులొచ్చాయి, కౌన్సిలొచ్చింది. కౌన్సిలుతో పాటే చెత్తా వచ్చింది.

పైవార్డు వాళ్లు తిని పారేసిన తొక్కలూ, ఎముకలూ, కుళ్లిన పళ్లూ దొర్లుకుంటూ కిందవార్డు వాగు ఒడ్డుకి చేరేవి. వాటంతటవి దొర్లకపోతే పైవార్డు వాళ్లే కాలితో ఓ తోపు తోసేవారు. కిందవార్డులో ఉండేది ముళ్లపందులూ, తాబేళ్లూ, కుందేళ్లూ. గట్టిగా గర్జించే గొంతు ఒక్కదానికీ లేదు. ఇక వాళ్ల గోడు ఎవరికి కావాలి?

ఆ ముళ్లపందుల్లో ఒక పిల్ల ఉండేది. అసలు పేరేదో ఉంది గానీ అందరూ దబ్బనం అనే పిలిచేవారు. ముల్లు ఎంత వాడో మాట అంతకంటే వాడి. పోయిన వానాకాలం ఆ వాగు నీళ్లు తాగి దాని తమ్ముడు చచ్చి బతికాడు. వాడి పొట్ట నిమురుతూ దబ్బనం కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుపు అయ్యాక దానికి ఒళ్లు మండింది. తిన్నగా కౌన్సిలుకి వెళ్లి మొరపెట్టుకుంది.

ప్రెసిడెంటు గండయ్య అనే ఎలుగుబంటి. తేనెపట్టు నాకుతూనే, "తెలుసు తల్లీ, విషయం పరిశీలనలో ఉంది" అన్నాడు.

"అవునవును, పరిశీలనలో ఉంది" అని పక్కనున్న సెక్రటరీ తొండ తలాడించాడు. తలాడించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఉద్యోగం కూడా దాంతోనే వచ్చింది.

వీళ్లని నమ్ముకుంటే తమ్ముడు మళ్లీ పడకేస్తాడని దబ్బనానికి అర్థమైంది. కిందవార్డు కుర్రకారుని పోగేసింది. ముళ్లపంది పిల్లలు చెత్తలో పొర్లి, ముళ్లకు గుచ్చుకున్నదంతా మోసుకుపోయేవి. వాళ్లతో వచ్చి చేరిన ఉయ్యాల అనే కొండముచ్చు కుర్రాడు తన జట్టుతో గూడు గూడుకీ వెళ్లి, "అమ్మా, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు. బయట పారేయకండి, మాకే ఇవ్వండి" అని బతిమాలేవాడు. తడిది గోతుల్లో వేస్తే వానపాములు తిని ఎరువు చేసి పెట్టేవి.

మొదట్లో అందరూ నవ్వారు. "పెళ్లీడుకొచ్చిన పిల్ల, వీపంతా అరటితొక్కలు గుచ్చుకుని ఊరేగుతోందమ్మా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. దబ్బనం పట్టించుకోలేదు. ఎండాకాలం వచ్చేసరికి వాగు అడుగున గులకరాళ్లు కనిపించాయి. తమ్ముడు కడుపారా నీళ్లు తాగి, బ్రేవ్‌మని తేన్చి, అక్క మొహంలోకి చూసి నవ్వాడు. దానికి అంతకంటే ఏం కావాలి!

అయినా ఒక భయం మాత్రం పీకుతూనే ఉంది. "రేపు మనం తలో దిక్కూ పోయామనుకో, పైవార్డు వాళ్లు మళ్లీ మొదలెడతారురా. వాగు ఒడ్డున చెత్త ఎవరు వేస్తే వాళ్లే ఎత్తాలని మృగరాజు నోట ఒక్క మాట రావాలి" అంది ఉయ్యాలతో. ఆ అడవిలో సింహం నోటి మాటే చట్టం మరి.

దాని అదృష్టమో, ఖర్మో, మృగరాజే వస్తున్నాడని కబురొచ్చింది. పరిశుభ్రతా మహోత్సవమట. వాగు ఒడ్డున స్వయంగా చీపురు పట్టి ఊడుస్తాడట. అదే రోజు చుట్టుపక్కల అడవులన్నిట్లో శుభ్రమైనదానికి బహుమతి కూడా ఇస్తాడట.

గండయ్య కుర్రాళ్లని పిలిపించాడు. "ఏర్పాట్లు ఘనంగా ఉండాలి. మృగరాజు గారు ఊడవాలి."

"ఊడవడానికి అక్కడేం లేదండీ" అంది దబ్బనం. "మేం ఊడ్చేశాం."

గండయ్య మొహం మాడిపోయింది. "ఊడ్చేశారా? మొత్తమా? ఎవరు చెప్పారు మిమ్మల్ని?"

"ఎవరూ చెప్పకపోతేనే కదండీ ఊడ్చింది!"

"ఓరి మీ దుంప తెగ! ప్రారంభోత్సవం కాకుండా పని పూర్తి చేసేస్తారా? బుద్ధి ఉందా? ఇప్పుడాయన వట్టి నేల ఊడవాలా?"

తొండ తలాడించాడు. గండయ్య కాసేపు గోళ్లు కొరుక్కుని, గొంతు తగ్గించాడు. "ఓ పని చేద్దాం తల్లీ. ఒడ్డున కాస్త చెత్త వేయిద్దాం. ఎంతో వద్దు. ముచ్చటగా, కంటికి ఇంపుగా."

"చచ్చినా ఒప్పుకోను!" అంది దబ్బనం.

"నీకు కావలసిన మాట మృగరాజు నోట నేను పలికిస్తాగా. ఊడవగానే అంతా ఎత్తించేస్తా. నా మీద నమ్మకం లేదూ?"

లేదు. కానీ ఆ మాట కావాలి. మనసు చంపుకుని దబ్బనం సరేనంది.

తీరా చూస్తే అడవి మొత్తం వెతికినా చెత్త లేదు. సెక్రటరీ తొండ బుట్ట పట్టుకుని గూడు గూడుకీ తిరిగాడు. "అమ్మా, కాస్త చెత్త ఉంటే పెడతారా?"

"అయ్యో, ఇప్పుడే పిల్లలొచ్చి పట్టుకుపోయారండీ. రేపు రండి" అని ఆడనెమలి తలుపు వేసుకుంది. సెక్రటరీ అంతటివాడికి పిడికెడు తొక్కలు పుట్టలేదు.

చివరికి గండయ్య పక్క అడవికి కబురంపాడు. అక్కడి ప్రెసిడెంటు ఒక దుమ్ములగొండి. సంగతి విని పగలబడి నవ్వాడు.

"ఎంత కావాలేం?"

"ఓ రెండు బుట్టలు చాలండీ" అన్నాడు తొండ.

"ఛ ఛ! ఇరుగుపొరుగు అన్నాక రెండు బుట్టలేమిటండీ! మీరు వెళ్లండి, నేను పంపిస్తాగా."

మహోత్సవం నాడు తెల్లారి లేచి చూస్తే వాగు ఒడ్డున కొండ లేచింది. దున్నపోతుల బారు ఇంకా వస్తూనే ఉంది. పక్క అడవి తాతల నాటి ఎముకలూ, కుళ్లూ, మురుగూ అంతా ఇక్కడే దిగింది. కంపుకి చేపలు నీళ్లలోంచి మొహం బయట పెట్టలేదు. దబ్బనం అక్కడే కూలబడి భోరుమంది. తను కాదంటే పోయేదే! ఒప్పుకున్న నోరు తనదే కదా అని తనను తాను తిట్టుకుంది.

"ముచ్చటగా అన్నాడు కదే ముసలాడు" అన్నాడు ఉయ్యాల, ముక్కు మూసుకుని.

అంతలో మృగరాజు వేంచేశాడు. పూలు చుట్టిన చీపురు చేతికిచ్చారు. ఆ దృశ్యాన్ని టేకుమాను మీద చెక్కడానికి వడ్రంగిపిట్ట సిద్ధంగా ఉంది. "చీపురు కాస్త ఎత్తండి ప్రభూ. చిరునవ్వు. కదలకండి, ఇంకా మీసాలు చెక్కలేదు" అంటూ చాలాసేపు నిలబెట్టేసింది. బొమ్మ పూర్తయింది. చీపురు పక్కన పెట్టేశారు. చెత్తలో ఒక్క తొక్క కూడా కదల్లేదు.

మృగరాజు ఉపన్యాసం అందుకున్నాడు. "వచ్చే దారిలో పక్క అడవి చూశాను. ఏం శుభ్రం, ఏం శుభ్రం! నేల మీద ఎముక ముక్క లేదు! బహుమతి వాళ్లకే. ఇక్కడ మాత్రం, క్షమించాలి, ఊపిరాడటం లేదు."

ముందువరసలో దుమ్ములగొండి నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. దబ్బనానికిచ్చిన మాట గండయ్యకు గుర్తులేదు. గుర్తున్నా చెప్పే స్థితిలో లేడు. "ఇంతటితో సభ సమాప్తం" అని లేచాడు.

దబ్బనం కళ్లు తుడుచుకుని లేచింది. ముళ్లు విప్పి వేదిక వైపు నడిచింది. గుచ్చుకుంటాయని అందరూ తప్పుకుని దారిచ్చారు.

"ప్రభూ, ఒక్క మాట చెప్పి వెళ్లండి. ఈ వాగు ఒడ్డున చెత్త ఎవరు వేస్తే వాళ్లే తమ చేతుల్తో ఎత్తాలని."

"చిన్నపిల్ల ప్రభూ, పట్టించుకోకండి" అన్నాడు గండయ్య.

"చిన్నపిల్లయినా మంచిమాట చెప్పింది!" అన్నాడు మృగరాజు. చప్పట్లు పడే మాట ఆయన ఎప్పుడూ వదులుకోడు. "చెత్త వేసినవాళ్లే ఎత్తాలి. ఇదే చట్టం!"

చప్పట్లు మార్మోగాయి. అవి ఆగేదాకా దబ్బనం ఓపిగ్గా నిలబడింది.

"మరి ఈ కొండ ఎవరు వేయించారో కూడా కనుక్కోండి ప్రభూ."

మృగరాజు గండయ్య వైపు తిరిగాడు. "మీరు గానీ వేయించారా?"

"అబ్బే, నేనా? రామ రామ!" అన్నాడు గండయ్య. ఆయన వెనకాల తొండ అవునవునని తలాడిస్తున్నాడు. పాపం, కాదని తల అడ్డంగా తిప్పడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

మర్నాటి నుంచి ప్రెసిడెంటు బుట్ట నెత్తిన పెట్టుకున్నాడు. మొదట సిగ్గుతో తల దించుకునే మోశాడు. పైవార్డు వాళ్లు దారిలో ఆగి చూశారు. "ఎంత నిరాడంబరుడమ్మా! అంత పదవిలో ఉండి చెత్త మోస్తున్నాడు!" అనుకున్నారు. అది చెవిన పడగానే గండయ్య నడుం నిటారైంది, బుట్ట కాస్త పక్కకి ఒరిగింది, వడ్రంగిపిట్టకు కబురెళ్లింది. కొండ కరిగేసరికి ఆయన మెడలో దండలు పడ్డాయి. వచ్చిన ఎన్నికల్లో పోటీయే లేదు. గెలిచాక ఆయన మొదటి ఉపన్యాసం: "నేటి యువత నన్ను చూసి నేర్చుకోవాలి."

ఉయ్యాల పళ్లు పటపటా కొరికాడు. దబ్బనానికీ కడుపు రగిలింది, ఎందుకు రగలదు! కానీ వాగు మళ్లీ తేటపడింది. మృగరాజు నోట ఆ మాట వచ్చాక ఒడ్డున తొక్క పారేసే ధైర్యం పైవార్డులో ఎవరికీ రాలేదు. తమ్ముడు మోకాల్లోతు నీళ్లలో దిగి అక్క మీద నీళ్లు చల్లుతున్నాడు.

"పోనీలేరా. దండలు ఆయన్నే వేసుకోమను" అంది దబ్బనం, వీపున అంటుకున్న తొక్కలు కడుక్కుంటూ.

నీతి కావాలా? ఊరికే ఊడిస్తే నడుం నొప్పే మిగులుతుంది. పేరు కావాలంటే ముందు చెత్త వేయించి, తర్వాత పదిమందీ చూస్తుండగా ఎత్తాలి.