మంత్రిగారి హోంవర్కు

గణాంకాల శాఖ మంత్రిగారు గణాంకాలు నేర్చుకోవాలని నిర్ణయించుకున్నారు. తన శాఖ దేనికి సంబంధించిందో తెలుసుకోవడానికి ఒక మంత్రి స్వయంగా పూనుకోవడం ప్రపంచ చరిత్రలో ఇదే మొదటిసారని ప్రభుత్వ ప్రకటన పేర్కొంది. ప్రకటన రాసింది మంత్రిగారి పీఏ. 'ప్రపంచ' అన్న మాటను మాత్రం మంత్రిగారే స్వహస్తాలతో చేర్చారు.

ఈ జ్ఞానతృష్ణకు చిన్న నేపథ్యం ఉంది. అంతకుముందు వారం మంత్రిగారు చట్టసభలో లేచి, దేశంలో ఎందరో పౌరుల ఆదాయం సగటు కంటే తక్కువగా ఉండటం తన మనసును కలచివేస్తోందన్నారు. ఈ ప్రభుత్వం దిగేలోగా సగటుకు దిగువన ఒక్కడు కూడా లేకుండా చేస్తానని ప్రతిజ్ఞ పూనారు. ప్రతిపక్షం చాలాసేపు బల్లలు చరిచింది. మంత్రిగారు దాన్ని హర్షధ్వానంగా స్వీకరించి నాలుగు దిక్కులకూ దండాలు పెట్టారు. వాళ్ళు నవ్వాపుకోలేక చరిచారన్న సంగతి సాయంత్రానికి ప్రభుత్వాధినేతకు చేరింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

పెద్దాయన పిలిపించారు.

"ఏం చదివావయ్యా నువ్వు?"

"డిగ్రీ సార్. ఒక్క సబ్జెక్టు ఉండిపోయింది."

"ఏ సబ్జెక్టు?"

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ గోడ వైపు చూశాడు.

"స్టాటిస్టిక్సే సార్."

పెద్దాయన కాసేపు కళ్ళు మూసుకున్నారు. "సాయంకాలం కాలేజీలో చేరు. మొదటి ఏడాది పిల్లలతో పాటే. సెమిస్టరు ఆఖరుకు పాసైతే కుర్చీ నీది. కాకపోతే, పాసైనవాణ్ణి చూసి కూర్చోబెడతాను."

"అలాగే సార్," అన్నాడు పీఏ. అడిగింది అతన్ని కాదు. కానీ ఆ మాట అతని నోటికి ఊపిరిలాంటిది. ఆఫీసులో అతనికి 'అలాగేగారు' అనే పేరు పడింది. 'కాదు' అన్న మాట అతనిలో పుట్టకపోలేదు. పుట్టి, గుండె దాటి, గొంతు దాకా వచ్చి, పళ్ళ దగ్గర 'అలాగే'గా మారిపోయేది. ఆ మార్పు ఏ మలుపులో జరుగుతోందో పట్టుకోవాలని అతను ఎన్నోసార్లు కాపు కాశాడు. ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యమయ్యేది.

మంత్రి దిగితే పీఏ కూడా దిగాలి. క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. అతని భార్య వంటింటి గోడకు కిందటి నెలే చెక్క అరలు బిగించుకుంది. "మేకులు దిగాయి, ఇక నన్ను కదపకండి," అని ముందే చెప్పి ఉంచింది.

కాలేజీలో పేరు నమోదు చేయించే గురుతర బాధ్యత మంత్రిగారి బావమరిది తీసుకున్నాడు. అతనికి ప్రింటింగ్ ప్రెస్ ఉంది. విద్యార్థి ఫోటో అడిగితే, మొదటి ఎన్నికలప్పుడు తన ప్రెస్‌లో వేసిన పోస్టరు బొమ్మను ఎక్కించాడు. అందులో మంత్రిగారికి నిండా జుట్టుంది, గడ్డం కింద రెండో మడత లేదు, చూపు ఎక్కడో భవిష్యత్తు మీద ఉంది.

"ఇది చాలా పాతది కదండీ?" అన్నాడు పీఏ.

"అంటే, మా బావ మారిపోయాడంటావా?"

"అబ్బే, అలాగే ఉన్నారండీ."

మంత్రిగారు మొదటి క్లాసుకు కెమెరాలతో వెళ్ళి, ముందు బెంచీలో కూర్చుని, లెక్చరరు కంటే ఎక్కువసేపు మాట్లాడి వచ్చారు. తర్వాతి క్లాసులకు ఆయన తరఫున శుభాకాంక్షలు వెళ్ళాయి. చిక్కల్లా హోంవర్కుతో వచ్చింది. హోంవర్కంతా కంప్యూటర్లోనే. అది లెక్క ఇస్తుంది, జవాబు కింది గడిలో కొట్టాలి. పోనీ పక్కవాణ్ణి చూసి కొట్టేద్దామంటే, ఒక్కొక్కడికి ఒక్కో రకం అంకెలు ఇస్తుంది.

మొదటి లెక్క: ఒక ఊళ్ళో వారం రోజుల వర్షపాతం ఇదీ, సగటు ఎంత?

మంత్రిగారు 'సంతృప్తికరం' అని కొట్టించారు.

తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'సరికాదు. మళ్ళీ ప్రయత్నించండి.'

'గత ప్రభుత్వ హయాంలో కంటే ఎక్కువ' అని కొట్టించారు.

'సరికాదు. మళ్ళీ ప్రయత్నించండి.'

"దీని పైఅధికారి ఎవరు?"

"దీనికి పైఅధికారి ఉండరు సార్. సాఫ్ట్‌వేరు."

"పైఅధికారి లేనిది ప్రభుత్వంలోకి ఎలా వచ్చింది?" మంత్రిగారు మౌసును బల్లి తోకలా రెండు వేళ్ళతో పక్కకు జరిపారు. "నువ్వు చూస్తూ ఉండు. నేను పైపైన పర్యవేక్షిస్తాను."

పర్యవేక్షణ పక్కగదిలో సోఫా మీద, మధ్యాహ్న భోజనం తర్వాత జరిగేది. గురక క్రమం తప్పకుండా వినిపించేది.

పీఏ చూడసాగాడు. మొదటిసారి 'సరికాదు' అన్నప్పుడు అతని చెవులు వేడెక్కాయి. రెండోసారి చుట్టూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. పదోసారికి వింత శాంతి కలిగింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతని మీద కేకలేసినవాళ్ళున్నారు, ఫైళ్ళు విసిరినవాళ్ళున్నారు. తప్పని చెప్పి, ఎక్కడ తప్పిందో చూపించి, కోపం లేకుండా ఇంకోసారి చెయ్యమన్నవాళ్ళు లేరు.

"ఏమండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారేం?" అంది భార్య ఆ సాయంత్రం, అరలో డబ్బాలు సర్దుతూ.

"ఇవాళ నాది తప్పని చెప్పారు."

"ఎవరు?"

"కంప్యూటరు."

"పెళ్ళయినప్పట్నుంచీ నేనూ అదే చెబుతున్నాను. ఏనాడైనా నవ్వారా?"

"నువ్వు ఎందుకు తప్పో చెప్పవు. అది చెబుతుంది."

"ఎందుకో చెబితే మీరు దిద్దుకుంటారు. తర్వాత నాకేం పని?"

సెమిస్టరు సగమయ్యేసరికి అతనికి ఒక లెక్క మీద ప్రేమ కుదిరింది. ఒక పొలంలో కొత్త ఎరువు వేశారు, ఇంకో పొలంలో వెయ్యలేదు. తేడా ఉందా? ముందుగా తేడా ఏమీ లేదనే అనుకోవాలట. ఉందనేవాడు ఆధారం తేవాలి. తేలేకపోయాడు. అప్పుడేం రాయాలి? పీఏ 'తేడా లేదని రుజువైంది' అని రాశాడు. సరికాదు. 'తేడా లేదని ఒప్పుకుంటున్నాం' అని రాశాడు. సరికాదు. చివరికి సాఫ్ట్‌వేరే జవాబు చూపించింది: 'తేడా లేదన్న మాటను తోసిపుచ్చడానికి తగిన ఆధారం లేదు.'

పీఏ ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. జీవితమంతా సర్కారు ఉత్తరాలు రాసినవాడికి ఇంతటి వాక్యం ఒక్కనాడూ తట్టలేదు. అవుననలేదు, కాదనలేదు, అబద్ధమూ ఆడలేదు.

హోంవర్కులో మంత్రిగారికి తరగతి మొత్తానికీ ఎక్కువ మార్కులు వచ్చాయి. పత్రికలు సంపాదకీయాలు రాశాయి. ఇక మిగిలింది చివరి పరీక్ష. దాన్ని విద్యార్థి తన గదిలోనే కంప్యూటరు ముందు రాయవచ్చు. అయితే కెమెరా చూస్తూ ఉంటుంది, గదిలో ఇంకెవరూ ఉండకూడదు.

"నేను కాక ఎవరుంటారు?" అన్నారు మంత్రిగారు.

"మీరు మాత్రమే సార్."

"అదే, నాతో పాటు?"

"ఎవరూ ఉండరు సార్."

మంత్రిగారి ముఖంలో పీఏ ఎన్నడూ చూడని రంగు కనిపించింది. ఆయన స్నానం చేస్తున్నా తలుపు బయట ఇద్దరు నిలబడి ఉంటారు. "మరి నేను మాట్లాడితే ఎవరు వింటారు?" అన్నారాయన మెల్లగా.

పీఏకి జాలేసింది. కెమెరా కంటికి అందకుండా బల్ల పక్కన నేలమీద తాను కూర్చునేట్టు, ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎన్నోదో అన్నిసార్లు మంత్రిగారి మోకాలు తట్టేట్టు ఏర్పాటయింది. బావమరిది తలుపు దగ్గర కాపలా.

పరీక్ష మొదలయింది. కెమెరా గదిని చూసింది. మంత్రిగారి కుర్చీ వెనక గోడకు, మొదటి ఎన్నికల పోస్టరు బొమ్మ నిలువెత్తు ఫ్రేములో ఉంది. తెరమీద దాని ముఖం చుట్టూ ఆకుపచ్చ గీత వచ్చింది. 'నమోదైన విద్యార్థి. స్వాగతం.' తర్వాత మంత్రిగారి ముఖం చుట్టూ ఎర్ర గీత వచ్చింది. 'గుర్తుతెలియని వ్యక్తి. దయచేసి గది విడిచి వెళ్ళండి.'

"ఎవర్ని అంటోంది?" అన్నారు మంత్రిగారు.

"బావా, ఆ బొమ్మ తీసేస్తే సరి," అంటూ బావమరిది కెమెరాకు కనబడకుండా గోడవైపు నుంచే వచ్చి, చెయ్యి మాత్రం చాపి ఫ్రేము పైకెత్తాడు.

'విద్యార్థి పరీక్షాస్థలం విడిచి వెళుతున్నారు. మరోసారి ఇలా జరిగితే పరీక్ష రద్దవుతుంది.'

బావమరిది ఫ్రేమును పసిబిడ్డలా మళ్ళీ తగిలించాడు. పీఏ సహాయకేంద్రానికి ఫోన్ చేశాడు. ఫోటో మార్చాలంటే నమోదైన విద్యార్థి కెమెరా ముందుకు వచ్చి స్వయంగా కోరాలన్నారు.

"ఆయన కెమెరా ముందే ఉన్నారండీ," అన్నాడు పీఏ, "కాకపోతే మాట్లాడరు."

"అయితే మార్పు అవసరం లేదన్నమాట," అని ఫోన్ పెట్టేశారు.

సమయం జారిపోతోంది. కుర్చీ, క్వార్టర్సు, మేకులు దిగిన అరలు, అన్నీ కలిసి పీఏ నుదుటి మీద చెమటగా పడుతున్నాయి. తేల్చింది బావమరిదే.

"బావా, నీ మంచికే చెబుతున్నా. ఒక్క గంట బయట కూర్చో."

"నా పరీక్షకి నేను బయట కూర్చోవాలా?"

"నువ్వుంటే నువ్వు పాసవ్వవు బావా."

మంత్రిగారు వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. బావమరిది ఫ్రేము వెనక దాక్కుని, దాన్ని కెమెరాకు ఎదురుగానే మెల్లగా నడిపించుకొచ్చి కుర్చీలో ఆనించాడు. పీఏ నేలమీద కూర్చుని, చెయ్యి పైకి చాపి మౌసు నడిపాడు. ఆఖర్న ఒక ధ్రువీకరణ వచ్చింది: 'ఈ పరీక్ష నేనే స్వయంగా రాశాను.' పీఏ ఆ గడిలో టిక్కు పెట్టాడు. ఈ గదిలో తాను ఒక నిజం పక్కన టిక్కు పెట్టడం ఇదే మొదటిసారని అతనికి తోచింది.

ఆ సాయంత్రమే ఫలితాలతో పాటు కెమెరా నివేదిక కూడా పెద్దాయనకు నేరుగా వెళ్ళింది. మంత్రిగారు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష సాగినంతసేపూ ఆయన చూపు ఒక్కసారి కూడా చెదరలేదు, ఇలాంటి ఏకాగ్రత అరుదు. మధ్యలో గుర్తుతెలియని వ్యక్తి ఒకడు జొరబడగా బయటికి పంపడమైనది.

జొరబడ్డవాణ్ణి పట్టుకోగల కన్ను పెద్దాయనకు తెగ నచ్చింది. రాత్రికి రాత్రే మంత్రుల గదుల తలుపులన్నింటికీ అదే కన్ను పెట్టించారు, రికార్డుల్లో ఉన్న ఫోటోలతోనే, మన మంత్రిగారికి ఆ పోస్టరు బొమ్మతోనే. మర్నాడు మంత్రిగారు తన తలుపు ముందు నిలబడ్డారు. తలుపు తెరుచుకోలేదు. లోపల కుర్చీలో, పరీక్షనాడు ఆనించిన బొమ్మ అలాగే కూర్చుని ఉంది.

మంత్రిగారు మొరపెట్టుకోవడానికి వెళితే పెద్దాయన ఆయన్నీ ఫోటోనీ మార్చి మార్చి చూశారు. తర్వాత పీఏని అడిగారు. "ఈ ఇద్దరిలో సభలో నోరు జారనిది ఎవరయ్యా?"

పీఏ గొంతులో ఏదో పుట్టింది. పళ్ళ దగ్గరికి వచ్చింది. "ఫోటో సార్."

"పాసైనవాడిదే కుర్చీ అన్నాను. మాటంటే మాటే. పీఏ కొనసాగుతాడు."

"అలాగే సార్."

అరలు గోడకే ఉన్నాయి. బావమరిది నెమ్మదిగా సర్దుకున్నాడు. ఇప్పుడు గదిలోకి వస్తూనే ఫ్రేముకు నమస్కరించి "బాగున్నావా బావా?" అంటాడు. బంధుత్వంలో తేడా ఏమీ రాలేదని, అచ్చువేసింది తనే కాబట్టి ఒక విధంగా ఇంకా దగ్గరయిందని చెబుతాడు.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం పీఏ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్కగది సోఫా మీంచి గురక లేదు. అది తప్ప ఇంకేమైనా మారిందా అని చూడాలనిపించింది. పాత పద్ధతిలోనే, తేడా ఏమీ లేదన్న మాటతో మొదలుపెట్టాడు. వచ్చిన ఫైళ్ళు, వెళ్ళిన ఫైళ్ళు, ఆగిన ఫైళ్ళు, ప్రారంభోత్సవాలు, వాగ్దానాలు, అన్నీ అప్పటివీ ఇప్పటివీ పక్కపక్కన పెట్టి కట్టాడు. ఎక్కడో తేడా రావాలని మనసులో ఒక మూల కోరుకున్నాడు కూడా. మళ్ళీ కట్టాడు.  జవాబు తప్పు పోకుండా రాశాడు.

తగిన ఆధారం లేదు.

తలుపు సందులోంచి ప్యూను తల పెట్టాడు. "సార్, ఆయన మళ్ళీ వచ్చారు. మంత్రిగారిని ఒక్కసారి కలవాలంటున్నారు. పొద్దుట్నుంచీ బల్ల మీదే ఉన్నారు."

పీఏ లేచి, అలవాటు చొప్పున కుర్చీ వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిండు జుట్టుతో ఉన్న ముఖం భవిష్యత్తు వైపు చూస్తోంది. అతను మర్యాదకు సరిపడేంతసేపు ఆగాడు.

"అలాగే సార్," అని వరండాలోకి వచ్చాడు.

బల్ల మీది మనిషి ఆత్రంగా లేచాడు. "ఏమన్నారు?"

"మళ్ళీ ప్రయత్నించమన్నారు సార్."