తూకం రోజు పరుగు

ఎనిమిదింటికి కాటా వస్తుంది. తొమ్మిదింటికి పిల్లలు అంబలి తాగుతారు. పదింటికి ఇన్‌స్పెక్టరు దొర వచ్చి ఒక్కొక్కరినీ తూకం వేయిస్తాడు. పదకొండింటికి దొర వెళ్ళిపోతాడు, పిల్లలు ఎక్కాలు అందుకుంటారు. ఆ గురువారం ఉదయం వీరరాఘవన్ వేసుకున్న పథకం ఇంతే.

పుదుచ్చేరిలో కాలువకు పడమటి వైపున్న ఆ చిన్న బడికి ఆయన ఒక్కడే ఉపాధ్యాయుడు. నవ్వడం ఆయనకు చేతకాదు. నేర్చుకునే ప్రయత్నమూ చేయలేదు. అబద్ధం ఆడిన పిల్లవాడికి మూడు బెత్తం దెబ్బలు, వాణ్ణి వెనకేసుకొచ్చినవాడికి నాలుగు. ఈ లెక్క వీధిలో అందరికీ తెలుసు.

బడిపిల్లలు బక్కగా ఉన్నారన్న సంగతి ఫ్రెంచి ప్రభుత్వం మూడు నెలల క్రితం కనిపెట్టింది. వెంటనే ఒక ఉత్తర్వు పంపింది. రోజూ పొద్దున కసరత్తు, ఆ తర్వాత రాగి అంబలి. మూడు నెలలకు తూకం. బరువు పెరిగితే రాగులు వస్తూనే ఉంటాయి. పెరగకపోతే ఆగిపోతాయి. ఉత్తర్వు నాలుగు పేజీలు. అందులో అంబలి గురించి అర పేజీ ఉంది. మిగతా మూడున్నర పేజీలూ పరుగు గురించే. దాన్ని రాసిన ఇన్‌స్పెక్టరు దొర అంతకుముందు సైన్యంలో ఉండేవాడు.

కసరత్తుకు ఒక బొమ్మల పుస్తకం కూడా వచ్చింది. మొదటి బొమ్మలో మీసాల మనిషి ఒకడు నిటారుగా నిలబడి ఉంటాడు. రెండో బొమ్మలో కాళ్ళు చాపి నేలమీద ఉంటాడు. మధ్యలో అతనికి ఏం జరిగిందో పుస్తకం చెప్పలేదు. పిల్లలు మాత్రం రోజూ ధడేలున పడి ఆ లోటు తీర్చేవారు.

అంబలికి ఏ బొమ్మా అక్కరలేకపోయింది. దాన్ని కాచేది అన్నమ్మాళ్. అంబలికి ముందు బడికి వచ్చేవారు పదకొండుమంది. ఇప్పుడు ముప్పై ఒక్క మంది. ఆ ఇరవైమందీ చదువు మీద ప్రేమతో రాలేదని వీరరాఘవన్‌కు తెలుసు. రాగులు ఆగితే మర్నాడే వాళ్ళు తేంగాయితిట్టు రేవులో చేపల తట్టలు మోయడానికి పోతారనీ తెలుసు. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. కానీ ప్రతి సోమవారం పిల్లల మొలతాళ్ళ వంక ఓరకంట చూసేవాడు. అవి బిగువవుతున్నాయి. నాలుగు తాళ్ళు తెగిపోయాయి కూడా. ఇక కాటా కొత్తగా చెప్పవలసింది ఏమీ లేదు.

మొదటి తూకం ఈ ముప్పై ఒక్క మందీ చేరిన వారంలోనే వేరుశెనగ గోదాములో జరిగింది. తల్లులు చూడలేదు. ఈసారి దొర వస్తున్నాడని వీరరాఘవన్ కాటానే బడికి తెప్పించాడు. చెడింది అక్కడే.

గోదాము కూలి ముని కాటా పళ్ళేలను నెత్తిన పెట్టుకుని వస్తుంటే, బావి దగ్గర చిన్నపొన్ను చూసింది. ఆమె కొడుకు చంద్రన్ ఆ బడిలోనే చదువుతున్నాడు.

"ఏంది మునీ, బడిలో శెనక్కాయల అంగడి పెడతాండారా?"

"శెనక్కాయలు గాదక్కా. పిల్లకాయల్ని తూకం వెయ్యాలంట. దొర వస్తాడంట."

"పిల్లకాయల్నా? దేనికి?"

"నన్నడిగితే? బరువైనోళ్ళని జూస్తే దొరకి సంతోసమంట."

ముని అబద్ధం చెప్పలేదు. అతను వెళ్ళిపోయాక డెబ్బై ఏళ్ళ పట్టమ్మాళ్ బిందె దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మా అన్నని గూడా ఇట్లనే కాటామీద కూకోబెట్టినారే. మంచి బరువుండాడు అన్నారు. ఆ మాపటికే ఓడెక్కిచ్చినారు. సముద్రానికి అవతల ఏదో చెరుకు తోటల దీవంట. పోయినోడు మళ్ళా రాలా."

చిన్నపొన్ను చేదతాడు వదిలేసింది. "అయితే ఇయ్యాల బడికే పంపను అత్తా. ఇంట్లో దాచి పెడతా."

"దాస్తే సిపాయి వచ్చి ఈడ్చుకోని పోతాడు. ఈడు బక్కోడు, పనికిరాడు అని వాళ్ళంతట వాళ్ళే వదిలెయ్యాల."

"ఇంత పొద్దుకాడ బక్కోణ్ణి యాడ జేసేది?"

పట్టమ్మాళ్ ఆమెను జాలిగా చూసింది. "పిల్లోణ్ణి కన్నావు, ఆముదం తెలీదా?"

అరగంటలో ఆ మాట మూడు వీధులు తిరిగింది. గోడ పక్కన దాక్కున్న పిల్లలను చెవి పట్టి లాక్కొచ్చారు. ముక్కులు మూశారు, నోళ్ళు తెరిచారు. గరిటె సరిపోదనుకున్న తల్లి లోటాతో పోసింది. ఆ వీధుల్లో తల్లులు ఒకే పనిని ఒకే సమయంలో చేయడం అదే మొదటిసారి. మంచినీళ్ళ కోసం కూడా వాళ్ళు ఎన్నడూ అలా కలవలేదు.

తొమ్మిదింటికి పిల్లలు వరుసగా కూర్చున్నారు. అన్నమ్మాళ్ అంబలి కుండ దించింది. ఒక్కడూ గిన్నె చాపలేదు.

"ఏంరా చంద్రా, రోజూ రెండు మాట్లు అడుగుతావే. ఇయ్యాల ఏమొచ్చింది?"

"వద్దు అవ్వా. ఏమీ తినబాకు అనింది మాయమ్మ."

వీరరాఘవన్ బెత్తం పట్టుకుని దగ్గరికి వచ్చాడు. "ఎందుకు తినవద్దన్నది?"

"తింటే ఓడెక్కిస్తారంట, వాద్యారయ్యా."

"ఏ ఓడ?"

చంద్రన్ పొట్ట పట్టుకుని లేచాడు, అడగకుండానే బయటికి పోయాడు. వాడి వెనకే మాడసామి, ఆ వెనకే మరో ఇద్దరు. అన్నమ్మాళ్ మిగిలినవాళ్ళలో ఒకడి గడ్డం పట్టి నోరు వాసన చూసింది. పక్కవాణ్ణీ చూసింది. వరుస చివరిదాకా పోయింది.

"వాద్యారయ్యా, ఆముదం!"

"ఎవరికి?"

"ఎవరికి గాదు అనడగండి. ముప్పై ఒక్క నోరూ ఒకటే కంపు."

వీరరాఘవన్ కాటా వంక చూశాడు. మూడు నెలల అంబలి, మూడు నెలల కసరత్తు, తెగిన మొలతాళ్ళు అన్నీ ఒక్క ఉదయంలో కారిపోతున్నాయి. దొర రావడానికి ముప్పావుగంట ఉంది.

"మజ్జిగ తాపిద్దాం" అంది అన్నమ్మాళ్. "తలా నాలుగు లోటాలు. పోయిందాన్ని మళ్ళా నింపితే సరిపాయె."

"అది మోసం."

"మోసం యాడుండాది? కడుపు వాళ్ళది, మజ్జిగ మనది. నీళ్ళకి గూడా బరువుంటాది అని మీరే గదా పాఠం జెప్పినారు?"

చెప్పిన మాట నిజం. వీరరాఘవన్ మజ్జిగ పోయమన్నాడు. ఆముదం మీద మజ్జిగ పోస్తే ఏమవుతుందో ఆయన చదివిన పుస్తకాల్లో లేదు. పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెప్పేవారు. ఆయన ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు.

పదింటికి దొర వచ్చాడు. ఎండిన చువ్వలా ఉన్నాడు. మెడలో ఈల, చేతిలో గడియారం. వెంట దుబాసి పట్టాభిరామన్ కాగితాలు పట్టుకుని ఉన్నాడు. దొర కాటాను చూడనైనా చూడలేదు.

"ముందు కసరత్తు, తర్వాత పరుగు. తూకం చివర్న" అన్నాడు పట్టాభిరామన్.

"ఉత్తర్వులో తూకం ముందు అని ఉంది" అన్నాడు వీరరాఘవన్.

"దొరగారికి తెలుసు అయ్యవారూ. రాసింది ఆయనే గదా."

పిల్లలు బయట వరుసగా నిలబడ్డారు. వీరరాఘవన్ మోకాళ్ళు వంచమన్నాడు. ఎవరూ వంచలేదు. చేతులు ఎత్తమన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ముప్పై ఒక్క మంది పళ్ళు బిగించి, మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని, నుదుట చెమటతో కొయ్యల్లా నిలబడ్డారు. దొర వరుస వెంట నడిచాడు. ఒక్కడి కనురెప్ప కూడా ఆడలేదు.

"ఇంత క్రమశిక్షణ సైన్యంలో కూడా చూడలేదంటున్నారు" అన్నాడు పట్టాభిరామన్.

అప్పుడు దొర ఈల ఊదాడు.

పరుగు ఎదురుగోడ దాకా పోయి రావాలి. పిల్లలు గోడ దాకా పోలేదు. మొత్తం వరుస ఒక్కసారిగా ఎడమకు తిరిగి, వాకిలి దాటి, కాలువ గట్టుకు దారి పట్టింది. మూడు నెలల్లో ఆ కాళ్ళలో అంత వేగం వీరరాఘవన్ ఎన్నడూ చూడలేదు. మాడసామి దారిలో ఒక మేకను దూకాడు. ఎప్పుడూ అందరికంటే వెనక నడిచే లావుపాటి నటేశన్ ఇద్దరిని దాటుకుంటూ పోయాడు.

వాకిలి బయట తల్లులు పొద్దున్నుంచి కాచుకుని ఉన్నారు. దొర ఈల ఊదడం, పిల్లలు దూసుకురావడం చూసి వాళ్ళకు ఒకటే అర్థమయింది. పిల్లలు తప్పించుకున్నారు.

"ఉరకరా చంద్రా!" చిన్నపొన్ను కొంగు బిగించి కేక పెట్టింది. "ఎనక్కి జూడబాకు!"

"యాడా నిలవబాకండి నాయనా!" పట్టమ్మాళ్ కర్ర పైకెత్తి ఊపింది. "మా అన్న ఇట్ల ఉరికుంటే బతికుండేవోడు!"

వీధి వీధంతా అరిచింది, చప్పట్లు కొట్టింది. దొర గడియారం చూశాడు. మళ్ళీ చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని అది నడుస్తోందో లేదో విన్నాడు.

"తల్లులు ఏమంటున్నారని అడుగుతున్నారు" అన్నాడు పట్టాభిరామన్.

"ఇంకా వేగంగా పరుగెత్తమంటున్నారు" అన్నాడు వీరరాఘవన్.

అది అక్షరాలా నిజం. దొర టోపీ తీసి తల్లులకు వంగి దండం పెట్టాడు. తల్లులు భయపడి రెండడుగులు వెనక్కి వేశారు.

పిల్లలు పావుగంట తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ముఖాలు ప్రశాంతంగా ఉన్నాయి. ఇక కాటా ఎక్కించక తప్పలేదు. చంద్రన్ మూడు నెలల క్రితం ఇరవై ఒక్క కిలోలు. ఇప్పుడు ఇరవైన్నర. మాడసామి ముప్పావు కిలో తగ్గాడు. నటేశన్ కిలోన్నర తగ్గాడు. పట్టాభిరామన్ అంకె చదివినప్పుడల్లా వాకిట్లో ఆనందం పొంగింది.

"తగ్గినాడు! మావోడు తగ్గినాడు!"

"మీవోడు అరకిలోనే. మావోడు ఏకంగా కిలోన్నర!"

ముప్పై ఒక్క మందిలో ఒక్కడూ పెరగలేదు. అన్నమ్మాళ్ కుండ మీద మూత పెట్టింది. ఆ మూత చప్పుడు వీరరాఘవన్‌కు వినిపించింది.

దొర కాగితం చూశాడు. గడియారం చూశాడు. పట్టాభిరామన్‌తో ఏదో చెప్పాడు.

"బరువు సంగతి తర్వాత, ఈ పిల్లలు పొద్దున ఏం తిన్నారు అని అడుగుతున్నారు." పట్టాభిరామన్ గొంతు తగ్గించాడు. "అంబలి అని చెప్పండి అయ్యవారూ. ఆయన ఆ పరుగు చూసి కరిగి ఉండాడు. అంబలి అంటే చాలు, రాగులు నిలబడతాయి."

వీరరాఘవన్ కుండ వంక చూశాడు. అంచుదాకా ఉంది. ముప్పై ఒక్క జతల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. వాళ్ళలో ఆయన చేత మూడు దెబ్బలు తిననివాడు లేడు. నాలుగు తిన్నవాళ్ళూ ఉన్నారు. ఒక్క మాట చాలు. ఆ మాట ఆయన నాలుక మీదికి వచ్చింది కూడా.

"అంబలి ముట్టలేదు" అన్నాడు. "ఆముదం తాగారు. దాని మీద మజ్జిగ."

పట్టాభిరామన్ కళ్ళు మూసుకున్నాడు. "ఇదే చెప్పమంటారా?"

"ఇదే చెప్పు."

చెప్పాడు. దొర మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. దొర ముఖం ముందు ఎర్రబడింది. కాలువ గట్టు వైపు చూశాడు. తర్వాత ఆ ముఖం మెల్లగా మెత్తబడింది. దుబాసి వైపు తిరిగి గబగబా చెప్పాడు.

పట్టాభిరామన్ నమ్మలేనట్టు చెప్పుకొచ్చాడు. "చిన్నప్పుడు ఆయనకు వాళ్ళ అమ్మమ్మ ప్రతి శనివారం ఇదే పోసేదంట. ఆదివారం పరుగుపందేల్లో తానెందుకు గెలిచేవాడో ఇన్నాళ్ళకు అర్థమయిందంటున్నారు."

దొర ఉత్తర్వు కాగితం తీసుకుని, 'బరువు' అన్న మాట కొట్టేసి, దాని మీద 'వేగం' అని రాశాడు. రాగులు ఆగవు. ఆరు రోజులు అంబలి, బలానికి. ఏడో రోజైన శనివారం ఆముదం, మజ్జిగ. ఒక్క ఈ బడికే కాదు, అన్ని బడులకూ. సంతకం పెట్టి, వీరరాఘవన్ చెయ్యి పట్టుకుని ఊపి, మరోసారి తల్లులకు టోపీ తీసి వెళ్ళిపోయాడు. ఓడ మాట ఎత్తలేదు. ఆయనకు ఆ సంగతే తెలియదు.

చిన్నపొన్ను వాకిట్లోకి వచ్చింది. "అయితే ఓడ లేదా వాద్యారయ్యా?"

"లేదు."

"ఆ మాట నిన్ననే చెప్పొచ్చుగదా? పొద్దున్నే ముప్పై ఒక్కమంది పిల్లకాయల ప్రాణాలు తీసినాము!"

"నిన్న మీరు ఓడ గురించి అడగలేదు."

లోపల అన్నమ్మాళ్ మూత తీసింది. ఖాళీ కడుపులు ముప్పై ఒకటి కుండ మీద పడ్డాయి. చంద్రన్ మూడుసార్లు పోయించుకున్నాడు. నటేశన్ గరిటె నాకాడు. పట్టమ్మాళ్ కూడా తలుపు దగ్గర కూర్చుని ఒక గిన్నె తాగి, ఉప్పు తక్కువయిందని చెప్పింది. ఎక్కాలు ఆ రోజు జరగలేదు. వీరరాఘవన్ ఎవరినీ కొట్టలేదు. ఆయన మూతి ఒకసారి పక్కకు కదిలిందని అన్నమ్మాళ్ తర్వాత వీధిలో చెప్పింది గానీ, ఎవరూ నమ్మలేదు.

పదిరోజులకు ఉత్తర్వు అచ్చయి అన్ని బడులకూ చేరింది. అప్పటిదాకా పుదుచ్చేరి పిల్లలు ఆముదానికి తమ తల్లులను తిట్టుకునేవారు. ఆ శనివారం నుంచి ఫ్రాన్సు దేశాన్ని తిట్టుకున్నారు.